రెండో ప్రకటన

పోయిన వారం కథలో ఆ తండ్రీ కూతుళ్ళను చర్చిలోనే వదిలేసి వచ్చాం. ఆదివారం పొద్దుటి ఆరాధనలో సంఘ కార్యదర్శి జకర్యా జేబులోంచి కాగితం తీసి, తన ఒక్కగానొక్క కూతురి పెళ్ళి ప్రకటన తన గొంతుతోనే చదివాడు. "సైనిక్‌పురి వాస్తవ్యుడు రోనాల్డ్‌కును, పద్మారావు నగర్ వాస్తవ్యురాలు షెకీనాకును వివాహము జరుగనై యున్నది. ఇందుకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." అలా వరసగా మూడు ఆదివారాలు చదవాలి. మూడుసార్లూ ఎవరూ అడ్డు చెప్పకపోతేనే పెళ్ళి. మొదటిదానికి అడ్డు చెప్పినవాళ్ళు లేరు. పాటలు పాడే క్వయర్‌లో రెండో వరుసలో ఉన్న షెకీనా మాత్రం కీర్తనల పుస్తకం కుర్చీలో పెట్టి, ఎవరివైపూ చూడకుండా పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. జనం సిగ్గనుకున్నారు. జకర్యా కూడా సిగ్గే అనుకున్నాడు. కూతుర్ని ఇరవై తొమ్మిదేళ్ళు పెంచిన మనిషికి ఆ మాత్రం తెలియలేదు.

ఆరాధన అయ్యాక ఆయన ఓ అరగంట ఆగి, అందరితో చేయి కలిపి, అందరి శుభాకాంక్షలూ పుచ్చుకుని ఇంటికి వచ్చాడు. ముందుగదిలో షెకీనా కూర్చుని ఉంది. క్వయర్ వాళ్ళు వేసుకునే తెల్లగౌను ఇంకా ఒంటిమీదే ఉంది. ఆ గౌనుతోనే రోడ్డంతా నడిచి వచ్చిందన్నమాట. వంటింట్లోంచి మాంసం కూర వాసన వస్తోంది. భార్య డోరా గిన్నెల చప్పుడు మాత్రం వినిపించడం లేదు.

"ఆ ఫారం మీద సంతకం ఎవరిది డాడీ?"

"ఏ ఫారం అమ్మా?" అన్నాడు జకర్యా చెప్పులు విప్పుతూ. ఏ ఫారమో ఆయనకు తెలుసు.

"ప్రకటన చదవాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి కదా. నేను పెట్టలేదు. మరి నా పేరు మీద ఎవరు పెట్టారు?"

జకర్యా కుర్చీలో కూర్చున్నాడు. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనిషి, పంతొమ్మిదేళ్ళుగా చర్చి కార్యదర్శి. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని మల్కాజిగిరి నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళను వెనక్కి పంపిన ఘనుడు. అలాంటివాడు సొంత కూతురి ఫారం దగ్గరికి వచ్చేసరికి కలం తీసి చకచకా గీసేశాడు.

"నేనే పెట్టానమ్మా. తర్వాత నీ చేత పెట్టిద్దామనుకున్నాను. అయినా నీకు ఇష్టమే కదా? ఏడాదిన్నర నుంచి కలిసి తిరుగుతున్నారు. క్రిస్మస్‌కి నువ్వే ఇంటికి తీసుకొచ్చావు. సంఘంలో పెద్దలు ఒక్కొక్కరే అడుగుతుంటే ఏం చెప్పమంటావు?"

ఆయన వైపు నుంచి చూస్తే అదీ నిజమే. ఆయన కాలంలో అబ్బాయీ అమ్మాయీ చర్చి గేటు దగ్గర రెండుసార్లు నవ్వుకుంటే మూడోసారికి పెద్దలు దిగేవారు. ఇప్పుడేమో ఫోన్‌లో పరిచయమవుతున్నారు, ఫోటో చూసి సరేననుకుంటున్నారు, కాఫీకి వెళ్తున్నారు, సినిమాకి వెళ్తున్నారు, ఏడాదిన్నర తర్వాత కూడా ఇంకా ఒకళ్ళనొకళ్ళు తెలుసుకుంటున్నాం అంటున్నారు. ఒకే సంఘం పిల్లలు ఫోన్‌లో పరిచయం కావలసిన కర్మ ఏమిటో ఆయనకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఇన్ని కాఫీలు తాగాక తెలుసుకోవడానికి ఇంకేం మిగిలిందన్నది ఆయన ప్రశ్న.

"ఇష్టం లేదని నేను అనలేదు డాడీ," అంది షెకీనా. గొంతు పెంచలేదు. "జూన్‌లో రోనాల్డ్ అడిగాడు పెళ్ళి చేసుకుందామని. ఆర్నెల్లు టైమ్ ఇవ్వమన్నా. తనకి కోపమొస్తే మాట్లాడడం మానేస్తాడు. మూడు రోజులు, నాలుగు రోజులు. ఫోన్ ఎత్తడు, మెసేజ్ చూడడు. అది మారుతుందా లేదా చూడాలి, మారకపోతే నేను ఉండగలనా లేదా చూసుకోవాలి అన్నా. సరే అన్నాడు. అది మా ఇద్దరి మధ్య మాట. ఇప్పుడు రోనాల్డ్ ఏమనుకుంటాడు? నేనే మీ చేత ఇది చేయించాననుకోడా? వాళ్ళ వైపు సంతకం కూడా వాళ్ళ డాడీయే పెట్టారా?"

జకర్యా నేల చూశాడు. ఇది చెప్పనని మాటిచ్చాడు.

"డాడీ."

"అతనే పెట్టాడమ్మా. అతనే వచ్చి అడిగాడు."

"ఎప్పుడు?"

"పోయిన నెల. నువ్వు ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళినప్పుడు. 'తను ఊరికే ఆలోచిస్తూ ఉంటుంది అంకుల్, మనం మొదలుపెడితే సరే అంటుంది' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, సర్‌ప్రైజ్ అన్నాడు."

ఆ రోజు రోనాల్డ్ చొక్కా టక్ చేసుకుని, ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చి, "మీ అమ్మాయిని ఇస్తారా అంకుల్" అని అడిగితే జకర్యా పొంగిపోయాడు. ఈ రోజుల్లో కూడా తండ్రిని అడిగే కుర్రాడున్నాడే అని డోరాతో చెప్పబోయి, మాట గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాడు. పాత మర్యాద మళ్ళీ తన గడప తొక్కిందనుకున్నాడు. అడగవలసిన మనిషిని తప్పించుకుని వచ్చాడన్న సంగతి ఇప్పుడు కూతురి ముఖం చూస్తే తెలుస్తోంది.

షెకీనా గౌను అంచు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత లేచి నిలబడింది.

"రోనాల్డ్‌తో నేను మాట్లాడుకుంటా. అందులోకి మీరు రావద్దు. కానీ ఆ కాగితం మీరు వెనక్కి తీసుకోవాలి. వచ్చే ఆదివారం రెండో ప్రకటన ఉండకూడదు."

"సరే, చదవను. ఊరుకుంటాను."

"ఊరుకుంటే కుదరదు డాడీ. ఊరుకుంటే నేనే పేరిచ్చి నేనే వెనక్కి తగ్గానంటారు. వాళ్ళింట్లో ఏదో లోపం ఉందనైనా అంటారు. అందరి ముందు చదివారు కదా, అందరి ముందే చెప్పండి. షెకీనాని అడగలేదు, ఆ సంతకం నాది అని చెప్పండి."

జకర్యాకు చర్చి రూలు గుర్తొచ్చింది. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టారని తెలిస్తే ఆ కార్యదర్శిని ఒక్క రోజు కూడా ఉండనివ్వరు. ఉండనివ్వకూడదని రూలు రాసిపెట్టిందీ ఆయనే. పదవి పోతే పోయింది, మూడు వందల కుటుంబాల ముందు నిలబడి నేను దొంగ సంతకం పెట్టానని ఎలా చెప్పడం? చెప్పకపోతే ఈ పిల్ల ఇంట్లో ఉంటుందా? పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు, ఇక లేదనుకున్నాక పుట్టిన పిల్ల.

కష్టంలో మనిషి తనకు బాగా అలవాటైన మాటలనే పట్టుకుంటాడు. జకర్యా కూడా తనకు అలవాటైన కథ ఎత్తుకున్నాడు. చర్చి విందుల్లో, యూత్ మీటింగుల్లో, పెళ్ళి వార్షికోత్సవాల్లో ఆయన వందసార్లు చెప్పి నవ్వించిన కథ.

"అది కాదమ్మా. నలభై మూడేళ్ళ కిందట మా ప్రకటన చదివినప్పుడు మీ అమ్మ కూడా నీలాగే క్వయర్‌లో ఉంది. నా పేరు వినగానే సిగ్గుతో చేతిలోంచి పుస్తకం జారిపోయింది. చర్చి అంతా నవ్వారు. మూడో వారానికల్లా..."

"జారిపోలే," అంది డోరా.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పైటకొంగుతో చేతులు తుడుచుకుంటోంది. రాంగోపాల్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినప్పుడు పుస్తకాల భాష మాట్లాడింది గానీ, మనసు కదిలితే పుట్టింటి మాటే వస్తుంది.

"పుస్తకం జారిపోలేదండీ. చేతులు వణికి పట్టుకోలేకపోయిన. ఆ పొద్దున మా అమ్మ కొత్త చీర కట్టుకోమన్నది. ఎందుకమ్మా అంటే కట్టుకో అన్నది, అంతే. చర్చిల కూర్చున్నంక మీ పేరు, నా పేరు కలిపి చదివిన్రు. నాకు పెండ్లి అని నాకు అప్పుడే తెలిసింది."

జకర్యా నరసాపురం పక్క నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తల్లో, ఏడాదిపాటు క్వయర్‌లో డోరాను చూస్తూ గడిపాడు. ఆమెతో మాట్లాడింది ఒక్కసారే, గేటు దగ్గర, కీర్తన నంబరు అడగడానికి. ఆ తర్వాత అప్పటి పాస్టరు, పాత అయ్యగారికి చెప్పుకున్నాడు. అయ్యగారు డోరా తండ్రితో మాట్లాడారు. ఆ తండ్రి జకర్యాను ఇంటికి పిలిచి టీ ఇచ్చి, ఉద్యోగం సంగతి అడిగి, ప్రార్థన చేసి పంపాడు. ఆ సాయంత్రమంతా డోరా ఏమంటుందన్న మాట ఆయన అనలేదు. తనూ అడగలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళకు ఈ కుర్చీలో కూర్చుంటే తట్టింది.

"మీ నాన్నగారు నీతో చెప్పే ఉంటారనుకున్నాను డోరా."

"అందరు అట్లనే అనుకున్నరు. ఇంటికి పోయి ఏడిస్తే, పేరు చదివేసిన్రు, ఇంక ఏడ్చి ఏం లాభం అన్నది మా అమ్మ. రెండో ఆదివారం పోయి కూర్చున్న. మూడో ఆదివారం పోయి కూర్చున్న. అభ్యంతరం ఉంటే చెప్పుండ్రి అని అయ్యగారు అడిగినప్పుడల్లా నేను లేవాలె అనుకున్న. కాళ్ళు లేవలే. ఆడపిల్ల లేచినట్టు నేను యాడ చూడలే."

జకర్యా మెల్లగా, కూతురు వినకూడదన్నట్టు అడిగాడు. "అప్పుడు నీ మనసులో ఇంకెవరైనా ఉన్నారా?"

డోరా ఆయన వైపు తిరిగింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది.

"చూసిన్రా. నలభై మూడేళ్ళకు సుత అదే అడుగుతున్రు. ఎవరన్నా ఉంటెనే అభ్యంతరమా? ఎవ్వరు లేరు. టీచర్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పెట్టుకున్న, దాని జవాబు కోసం చూస్తున్న. అంతే నా మనసుల ఉన్నది. ఆ జవాబు వచ్చిన్నాడు నేను పెండ్లి చీరలో ఉన్న. మీరు మంచోరు. పెండ్లయిన ఆరేళ్ళకు ట్రైనింగ్‌కి మీరే పంపిన్రు, నేను మర్చిపోలే. కాని ఆ పుస్తకం కథ మీరు చెప్పినప్పుడల్లా నేను నవ్వినట్టు చేసిన. ఇగ చేయను."

షెకీనా తల్లి దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకే ఎత్తు. జకర్యా ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు.

"అప్పుడు అడిగుంటే ఏమనేదానివి?" అన్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"ముందు బిడ్డ కాగితం సంగతి చూడుండ్రి. నన్ను తర్వాత అడుగుదురు గాని."

సాయంత్రం గిన్నెలు తోమడానికి వచ్చిన లచ్చమ్మ మూత తీసి చూసి ఆశ్చర్యపోయింది. "ఏందమ్మా, కూర గట్లనే ఉన్నది, ఎవ్వరు తినలే? పానం బాగలేదా?" అంది. అప్పటికే షెకీనా రెండు జతల బట్టలు సర్దుకుని, మారేడ్‌పల్లిలో ఉండే స్నేహితురాలు కల్పలత ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో మాటలు లేవు అంటే అబద్ధమవుతుంది. పాలు వచ్చాయా, మాత్ర వేసుకున్నారా లాంటివి నడిచాయి. డోరా అన్నం వడ్డించింది, ఇస్త్రీ బట్టలు తీసి పెట్టింది. జకర్యాకు అదే ఎక్కువ బాధగా ఉంది. కోప్పడినా బాగుండేది. నలభై మూడేళ్ళూ ఈమె ఇలాగే, అడగని ప్రశ్నకు జవాబు మింగి, అన్నం వడ్డించిందా అని ఆలోచిస్తూ ముద్ద దిగక లేచిపోయేవాడు.

శనివారం మధ్యాహ్నం చర్చి ఆఫీసుకు వెళ్ళాడు. ఇప్పటి అయ్యగారు జెరెమియా చిన్నవాడు, నలభై దాటలేదు. అంతా విని తలుపు దగ్గరగా వేశాడు.

"అంకుల్, మీరు పెద్దవారు. నా మాట వినండి. రేపు రెండో ప్రకటన చదవద్దు. ఎవరైనా అడిగితే పెళ్ళి కొంచెం వాయిదా పడింది అందాం. నాలుగు వారాలు పోతే ఎవరికీ గుర్తుండదు. మీ పంతొమ్మిదేళ్ళ సేవ ఒక్క సంతకంతో పోవడం నాకు ఇష్టం లేదు."

ఎంత చల్లని మాట! జకర్యాకు ప్రాణం లేచొచ్చింది. "అలాగే చేద్దామయ్యా," అన్నాడు కూడా. షెకీనా ఫారం చించేద్దామని బీరువా తెరిచాడు. చించబోతూ ఆగి, ఎందుకో కింది అరలోకి వంగాడు. అక్కడ పాత ఫారాలు సంవత్సరాల వారీగా ఎర్రగుడ్డలో కట్టి ఉంటాయి. ఆ కట్టలు కట్టిందీ ఆయనే, చెదలు పట్టకుండా ఏటా ఎండలో పెట్టేదీ ఆయనే. ఎనభై రెండు కట్ట మాత్రం ఏనాడూ విప్పి చూడలేదు. సొంత పెళ్ళి కాగితంలో చూడడానికి ఏముంటుంది?

విప్పాడు. పసుపు పచ్చబడిన కాగితం. వరుడి సంతకం దగ్గర తన పేరు, అప్పటి కుర్రతనపు వంకరలతో. వధువు సంతకం దగ్గర డోరా పేరు. డోరా రాత ఆయనకు తెలియనిది కాదు. సరుకుల చీటీల్లో, బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది. ఇది అది కాదు. ఇది కుడివైపుకు వాలిన పెద్దమనిషి రాత. మామగారు పండక్కి రాసే ఉత్తరాల్లో నలభై సార్లు చూసిన రాత.

ఒక చేతిలో ఆ ఫారం, ఇంకో చేతిలో ఈ ఫారం పట్టుకుని జకర్యా నేలమీదే కూర్చుండిపోయాడు. రెండింటిలోనూ తండ్రి రాత. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడుస్తున్నానని ఆయనకు తెలియలేదు, అయ్యగారు మంచినీళ్ళు ఇస్తే తెలిసింది.

ఆదివారం వచ్చింది.

ఆడవాళ్ళ వైపు మూడో బల్లలో డోరా కూర్చుంది. పెళ్ళయ్యాక ఆమె క్వయర్ మానేసింది. ఇంటి పనితో వీలు కాక మానేసిందని జకర్యా అనుకునేవాడు. చివరి బల్లలో కల్పలత, పక్కన షెకీనా. మగవాళ్ళ వైపు మధ్యలో రోనాల్డ్, తెల్ల చొక్కాలో. అతని తల్లి గ్లోరియా ఆడవాళ్ళ వైపు వరుసలో, వియ్యపురాలి కోసం చూస్తూ ఉంది.

జకర్యా మైకు ముందుకు వచ్చాడు. బుధవారం ప్రార్థన కూడిక ఎవరింట్లోనో చెప్పాడు. స్త్రీల సమాజం వారి మీటింగు సంగతి చెప్పాడు. తర్వాత ఆగాడు. అయ్యగారు ఇక చాలన్నట్టు తల ఊపాడు. జకర్యా జేబులోంచి కాగితం తీశాడు.

"సైనిక్‌పురి వాస్తవ్యుడు రోనాల్డ్‌కును, పద్మారావు నగర్ వాస్తవ్యురాలు షెకీనాకును వివాహము జరుగునని పోయిన ఆదివారం చదివాను. అభ్యంతరం ఉంటే చెప్పమన్నాను. నాకుంది."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"పెళ్ళికూతుర్ని ఎవరూ అడగలేదు. ఆ ఫారం మీద ఆమె సంతకం ఆమెది కాదు. నేను పెట్టాను. తప్పు నాది. ఆ ప్రకటన వెనక్కి తీసుకుంటున్నాను. నా కూతురు మాట తప్పలేదు, ఆమె ఇంకా మాటే ఇవ్వలేదు. కార్యదర్శి పని కూడా ఇవాళ్టితో వదిలేస్తున్నాను. సంఘం నన్ను క్షమించాలి."

గ్లోరియా కొడుకు వైపు చూసింది. రోనాల్డ్ తల దించుకున్నాడు. అతను చాటుగా వచ్చి అడిగిన సంగతి జకర్యా ఎత్తలేదు, అది తన పని కాదని కూతురు చెప్పింది కదా. చివరి బల్లలో షెకీనా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కల్పలత ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

జకర్యా మైకు పెట్టేసి దిగబోతున్నాడు. అప్పుడు మూడో బల్లలో డోరా లేచింది.

"అయ్యగారూ, నాదొకటి ఉన్నది," అంది. గొంతు సన్నగా ఉన్నా చర్చి అంతా వినిపించింది. "ఇదే చర్చిల నలభై మూడేళ్ళ కింద అడిగిన్రు. అప్పుడు లేవలేకపోయిన."

అయ్యగారు తడబడ్డాడు. "అమ్మా, ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం, దయచేసి కూర్చోండి."

డోరా కూర్చోలేదు. జకర్యా మైకు మళ్ళీ చేతిలోకి తీసుకుని, మెట్లు దిగి, ఆడవాళ్ళ వైపు నడిచాడు. ఆయన లోపలి జేబులో ఎనభై రెండు నాటి ఫారం మడత పెట్టి ఉంది. అది తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. ఆమె తన పేరులో తండ్రి రాతను చూసింది. వేలితో ఒకసారి తడిమింది.

"డోరా," అన్నాడు జకర్యా. మైకులో ఆయన ఊపిరి కూడా వినిపిస్తోంది. "ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను చేసుకోవడం నీకు ఇష్టమేనా?"

మైకు ఆమె చేతికిచ్చాడు. డోరా దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి చేతులు వణకలేదు. చివరి బల్లలో కూర్చున్న కూతురి వైపు ఒకసారి చూసి, భర్త వైపు తిరిగి, జవాబు చెప్పింది.